డిస్కు ప్లేయరు కొనే ముందు ఇంట్లోని పెట్టె తెరవండి



ఈ నెల ఒక చిన్న వస్తువును గురించి రాయదలచాను. టీవీకి తగిలించుకునే డిస్కు ప్లేయరు. ఫోనులోనే లోకమంతా కనబడుతున్న ఈ రోజుల్లో దాన్ని గురించి రాయవలసింది ఏముందని కొందరు అనుకోవచ్చు. నిరుడు రంజాన్ పండుగ దాకా నేనూ అలాగే అనుకున్నాను.

పండుగ మూడో రోజున మా ఆపా ఆదోని నుంచి వచ్చింది. భోజనాలయ్యాక నా పక్కన కూర్చొని మెల్లగా అడిగింది. "భాయీ, చిన్నదాని నిఖా సీడీలు నీ దగ్గరే ఉన్నాయి కదా? అమ్మీని ఒక్కసారి చూడాలని ఉంది."

మా చిన్న చెల్లెలి నిఖా 2004లో జరిగింది. అమ్మీ 2009లో ఈ లోకాన్ని విడిచి వెళ్లారు. ఆమెకు ఫోటో దిగడం ఎన్నడూ ఇష్టం ఉండేది కాదు. ఓటరు కార్డు మీద మసకబారిన చిత్రం తప్ప మా దగ్గర ఆమె రూపం ఏదీ లేదు. ఆనాడు పెళ్లింట వీడియో వద్దని అందరికంటే గట్టిగా వాదించినవాణ్ణి నేనే. పెళ్లికొడుకు తరఫువారు పట్టుబట్టడంతో చివరికి మౌనం వహించాను. ఆ మస్‌అలాపై ఇక్కడ చర్చ పెట్టబోవడం లేదు. నా అభిప్రాయం పెద్దగా మారలేదు కూడా. కాని అమ్మీ కంఠస్వరం మిగిలి ఉన్నది ఆ రెండు సీడీలలో ఒకదాని మీదే అన్న సంగతి, ఆపా అడిగిన ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

ఇనుప పెట్టె అడుగున, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఉన్న సీడీలు దొరికాయి. వాటిని చూపించే యంత్రం మాత్రం ఇంట్లో లేదు.

నేను చేసిన పొరపాటు

మా పాత ప్లేయరు ఎన్నడో పాడైపోయి పాత సామానులవాడి బండి ఎక్కింది. మరునాడే బజారుకు వెళ్లి చవకలో కొత్తది ఒకటి కొన్నాను. దుకాణదారుడు మర్యాదస్థుడు. తన దగ్గరున్న డిస్కును అందులో పెట్టి పెద్ద టీవీ మీద చూపించాడు. జలపాతాలు, రంగురంగుల చేపలు, మంచుకొండలు. బొమ్మ అద్దంలా ఉంది. ఇక చూడవలసింది ఏముందని డబ్బు చెల్లించి వచ్చేశాను.

ఇంట్లో మా సీడీ పెట్టాము. లోపల నాలుగైదుసార్లు గిర్రున తిరిగింది. ఆ తరువాత ఈ డిస్కును చదవలేనని అర్థం వచ్చే ఇంగ్లీషు అక్షరాలు తెరపై వచ్చాయి. తుడిచి పెట్టినా అదే మాట. రెండో సీడీకీ అదే మాట. ఆపా ఏమీ అనలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సీడీలు పాడైపోయాయని ఇంట్లో అందరమూ తేల్చేశాము. పనికిరానివి ఎందుకని మా కోడలు వాటిని తీసివేయబోతుంటే, చేతులు రాక మళ్లీ ఆ గుడ్డలోనే చుట్టి పెట్టాను. రెండు నెలల తరువాత మా మద్రసాలో పిల్లలకు కంప్యూటరు నేర్పే యువకునితో మాటల సందర్భంలో ఈ సంగతి చెప్పాను. అతడు మొదటి సీడీని తెప్పించి తన పాత కంప్యూటరులో పెట్టాడు. అరనిమిషంలో 2004 నాటి మా వీధి, షామియానా, తెల్లని టోపీలు తెరపై కనిపించాయి.

సీడీ బాగానే ఉంది. నేను కొన్న యంత్రానికే దాన్ని చదివే శక్తి లేదు. ఇంటికి వచ్చి అట్టపెట్టెను పరిశీలనగా చూస్తే, ఆ యంత్రం చదవగల డిస్కుల జాబితాలో 'వీసీడీ' అన్న మాటే లేదు. ఇందులో దుకాణదారుని తప్పు లేదు. ఆయన తన డిస్కును చూపించాడు. నా డిస్కును చూపించమని నేను అడగలేదు. ఒక పరీక్ష కూడా చేయకుండా, అమ్మీ జ్ఞాపకాన్ని పాడైపోయిన వస్తువుగా లెక్కగట్టాము. మీ ఇంట అలా జరగకూడదనే ఈ వ్యాసం.

మీ పెట్టెలో ఏమున్నదో తెలుసుకోండి

చూడడానికి అన్ని డిస్కులూ ఒకేలా ఉంటాయి. అన్నీ 12 సెంటీమీటర్ల వెడల్పువే. కాని వాటి మీద రాసిన పద్ధతి వేరు. 1993లో వీసీడీ వచ్చింది. ఒక్కో దానిపై సుమారు 74 నిమిషాల దృశ్యం పడుతుంది. అందుకే ఆనాటి పెళ్లిళ్లు రెండు, మూడు సీడీలుగా ఉంటాయి. డీవీడీ 1996లో జపానులో మొదలైంది. మన ఊళ్ల పెళ్లి వీడియోలు వీసీడీని వదిలి డీవీడీకి మారడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2006లో బ్లూ-రే వచ్చింది. అది మన ఇళ్లలోకి అంతగా రాలేదు.

డిస్కును వెలుతురులో తిప్పి అడుగు భాగం చూడండి. వెండిలా మెరిస్తే అది కర్మాగారంలో అచ్చువేసినది. బజారులో కొన్న ఖిరాత్ సీడీలు, పిల్లల పాఠాల డిస్కులు ఎక్కువగా ఈ కోవకు చెందుతాయి. అడుగు భాగం లేత ఆకుపచ్చగానో, నీలంగానో, బంగారు ఛాయలోనో ఉంటే అది ఎవరో యంత్రంలో రాసి ఇచ్చిన సీడీ. ఊదా రంగు ఉంటే అలా రాసిన డీవీడీ. స్టూడియోలవారు ఇచ్చిన పెళ్లి డిస్కులన్నీ దాదాపు ఈ రాసిన రకాలే.

ఈ తేడా ముఖ్యమైనది. అచ్చువేసిన సీడీ తనపై పడిన కాంతిలో నూటికి 70 పాళ్లకు పైగా తిప్పి పంపుతుంది. రాసిన సీడీలో ఒక రంగు పూత ఉంటుంది. ఎండకు, వేడికి ఆ పూత ఏళ్లు గడిచే కొద్దీ వెలిసిపోతుంది. చెరిపి మళ్లీ రాసుకునే రకం సీడీలైతే కొత్తగా ఉన్నప్పుడు కూడా పావు వంతుకు మించి కాంతిని తిప్పి పంపవు. కాబట్టి దుకాణంలోని మెరిసే డిస్కును చదివిన యంత్రం మీ పాత డిస్కును చదువుతుందని భరోసా లేదు. అలాగే ఒక యంత్రం చదవలేకపోయిన డిస్కు పాడైపోయిందనీ చెప్పలేము.

మీ పెట్టెలో ఉన్నవాటిని రకాలుగా వేరు చేసి ఒక కాగితం మీద రాసుకోండి. వీసీడీలు ఎన్ని, డీవీడీలు ఎన్ని, పాటలో ప్రసంగాలో ఉన్న ఎంపీ3 సీడీలు ఎన్ని. బజారుకు మోసుకెళ్లవలసిన జాబితా అదే.

టీవీ వెనుక ఒకసారి చూడండి

రెండవ పని టీవీ వెనుక ఉన్న రంధ్రాలను చూడడం. పాత పెద్ద డబ్బా టీవీలకు పసుపు, తెలుపు, ఎరుపు రంగుల మూడు గుండ్రని రంధ్రాలు ఉంటాయి. పసుపు బొమ్మకు, మిగిలిన రెండూ శబ్దానికి. పలచని కొత్త టీవీలకు హెచ్‌డీఎంఐ అనే బల్లపరుపు రంధ్రం ఉంటుంది. చాలావాటిలో ఆ మూడు రంగుల రంధ్రాలకు బదులు, ఇయర్‌ఫోన్ రంధ్రం వంటిది ఒక్కటే ఇచ్చి దాని కోసం వేరే తీగను జతచేస్తారు. కొన్ని కొత్త టీవీలలో అదీ లేదు, హెచ్‌డీఎంఐ ఒక్కటే.

చవక ప్లేయర్లలో రెండు రకాలున్నాయి. మూడు రంగుల తీగ మాత్రమే ఉన్నవి, దానితో పాటు హెచ్‌డీఎంఐ కూడా ఉన్నవి. వీలైతే రెండూ ఉన్నదాన్నే తీసుకోండి. ఈ రోజు మీ ఇంట్లో ఉన్న టీవీకి, రేపు మీరు కొనబోయే టీవీకి కూడా పనికివస్తుంది. మూడు రంగుల తీగ మాత్రమే ఉన్న యంత్రాన్ని హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉన్న టీవీకి ఉత్త తీగతో కలపడం సాధ్యం కాదు. మధ్యలో కరెంటుతో నడిచే ఒక చిన్న కన్వర్టరు డబ్బా కావాలి. చవకగా వచ్చిందని కొన్నది దానితో చవక కాకుండా పోతుంది.

ఒక్క రంధ్రమే ఉన్న టీవీలకు వేసే తీగలన్నీ ఒకే అమరికలో ఉండవు. బొమ్మ రాక, గరగర శబ్దం మాత్రమే వస్తుంటే యంత్రాన్ని నిందించకండి. పసుపు మొనను ఎరుపు చోట, తెలుపు చోట పెట్టి చూడండి. అనేకసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది.

దుకాణంలో దేనికి డబ్బివ్వాలి, దేనికి అక్కరలేదు

అట్టపెట్టె మీద 1080 అన్న అంకె పెద్ద అక్షరాలలో ఉంటుంది. దాన్ని చూసి వందల రూపాయలు అదనంగా ఇవ్వనక్కరలేదు. వీసీడీలో ఉండేది అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కల బొమ్మ. మన దేశంలో తయారైన డీవీడీలో 720, 576. యంత్రం ఆ బొమ్మను పెద్దది చేసి టీవీకి పంపగలదే కాని, డిస్కులో లేని వివరాన్ని తేలేదు. అయిదారు స్పీకర్లకు శబ్దం పంపే ఏర్పాట్లూ అంతే. మన గదిలో టీవీ ఒక్కటే ఉన్నప్పుడు వాటితో పనిలేదు.

అదనంగా ఇవ్వదగినవి వేరే ఉన్నాయి. చదవగల డిస్కుల జాబితాలో వీసీడీ, సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ అన్న పేర్లు స్పష్టంగా ఉండాలి. రిమోటు చేతికి ఇమిడి, మీటలు గట్టిగా ఉండాలి. చవక యంత్రాలకు ముందు భాగంలో రెండు మూడు మీటలే ఉంటాయి. రిమోటు పోతే ఇక అమరికలేవీ మార్చుకోలేము. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. డిస్కు పళ్లెం తడబడకుండా బయటికి వచ్చి లోపలికి పోవాలి. వారంటీ కాగితం మీద దుకాణం ముద్ర, తేదీ వేయించుకోవాలి.

పెన్ డ్రైవ్ పెట్టుకునే రంధ్రం చూసి చాలామంది సంబరపడతారు. అక్కరకు వచ్చేదే, కాని మితంగా. చవక ప్లేయర్లు ఫోనుతో తీసిన నేటి వీడియోలను సాధారణంగా చూపలేవు. ఎంపీ3 ప్రసంగాలు, పాత పద్ధతి వీడియోలు మాత్రం నడుస్తాయి. ఫోను వీడియోలు చూడడానికి మీ టీవీకే ఉన్న యూఎస్‌బీ రంధ్రం మేలు.

"బ్లూ-రే ప్లేయరు కొంటే అన్నీ అందులోనే వస్తాయి కదా?" అని అడిగేవారున్నారు. డీవీడీలు వస్తాయి. కాని కొన్ని బ్లూ-రే యంత్రాలు వీసీడీని చదవవు. పిల్లలు ఆడుకునే ప్లేస్టేషన్ 4, 5 యంత్రాలు డీవీడీని చూపుతాయి, సీడీని అసలే చదవవు. ఖరీదు పెరిగినంత మాత్రాన పాతదాన్ని చదివే శక్తి పెరగదు. మన పెట్టెలోని వీసీడీకి చవక డీవీడీ ప్లేయరే తగిన యంత్రం కావచ్చు.

సెకండ్‌హ్యాండ్ యంత్రాన్ని కొనదలచినవారికి ఒక హెచ్చరిక. ప్లేయరులో ముందుగా అరిగేది డిస్కును చదివే లేజరు భాగం. సీడీకి ఒక రకం కాంతి, డీవీడీకి మరొక రకం కాంతి వాడతారు. కనుక డీవీడీని చక్కగా చూపే పాత యంత్రం సీడీ దగ్గర మొరాయించవచ్చు. రెంటినీ పెట్టి చూడనిదే కొనకండి.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చేవి

మన కుటుంబాలలో ఎవరో ఒకరు జిద్దాలోనో, దుబాయిలోనో, చికాగోలోనో ఉంటారు. వారు వచ్చేటప్పుడు ప్లేయర్లు, డిస్కులు తెస్తుంటారు. బజారులో అమ్మే డీవీడీలకు ప్రాంతాల సంఖ్యలుంటాయి. భారతదేశానిది 5, సౌదీ అరేబియా, యూఏఈ దేశాలది 2, అమెరికాది 1. ఒక ప్రాంతపు యంత్రం మరొక ప్రాంతపు డిస్కును నిరాకరిస్తుంది. యంత్రం వెనుక భూగోళం బొమ్మలో ఈ అంకె కనిపిస్తుంది. అన్ని ప్రాంతాలవి చదివే యంత్రాలూ దొరుకుతాయి. ఇంట్లో, స్టూడియోలో రాసుకున్న డిస్కులకు ఈ అడ్డు లేదు. బంధువుల పెళ్లి డిస్కు ఆడకపోతే దానికి కారణం ప్రాంతపు సంఖ్య కాదు, మరేదో వెదకాలి.

అమెరికా నుంచి వచ్చిన డిస్కు పాత టీవీలో నలుపు తెలుపుగానో, పైకి కిందికి పరుగెత్తుతూనో కనిపిస్తే భయపడనక్కరలేదు. అక్కడి బొమ్మ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. ప్లేయరు అమరికలలో, కొన్నింటికి రిమోటు మీదే, దీన్ని మార్చే మీట ఉంటుంది. అమెరికా నుంచి యంత్రమే తెస్తే మాత్రం వెనుక రాసిన వోల్టేజి చూడండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. రెంటికీ పనికివస్తుందని రాసి లేనిదాన్ని మన గోడకు తగిలిస్తే అది ఆ రోజే కాలిపోతుంది.

మా రెండో ప్రయత్నం

నేను కొన్న మొదటి యంత్రాన్ని డీవీడీలు మాత్రమే ఉన్న మా మేనల్లునికి ఇచ్చేశాను. ఆ తరువాత పనిమీద హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఈసారి చేతిసంచిలో మా సీడీ ఉంది.

ఇక్కడ మన ఇళ్లకు సంబంధించిన ఒక చిక్కును ప్రస్తావించాలి. రెండో సీడీ ఆడవారి వైపుది. అమ్మీ ఉన్నది అందులోనే. అపరిచితులు తిరిగే దుకాణంలో, పెద్ద తెర మీద దాన్ని ఎలా పెట్టించగలను? అది మా ఇంటివారిది మాత్రమే కాదు, ఆ రోజు వచ్చిన పది ఇళ్ల ఆడవారిది కూడా. కనుక దాన్ని ఇంట్లోనే ఉంచి మొదటి సీడీని తీసుకువెళ్లాను. అందులో ఉన్నది మగవారి మజ్లిస్. రెండూ ఒకే స్టూడియోలో, ఒకే రోజు, ఒకే కంపెనీ సీడీల మీద రాసినవి. ఒకటి ఆడితే రెండోదీ ఆడే అవకాశం ఎక్కువ. మీరూ ఈ ఉపాయాన్ని పాటించవచ్చు.

దుకాణంలోని కుర్రవాడు సీడీ చూసి నవ్వాడు. "మౌల్వీ సాబ్, ఇది ఇంకా ఆడుతుందంటారా?" అన్నాడు.

"ఆడించగల యంత్రమేదో నువ్వే చెప్పాలి బేటా" అన్నాను.

అతడు ఓపికగా మూడు యంత్రాలు తెరిచాడు. మొదటిది చదవలేదు. రెండోది చదివింది కాని బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది. మూడోది ఆ రెంటికంటే 300 రూపాయలు ఎక్కువ. అది చక్కగా చూపింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతుండగా ఆ కుర్రవాడే ఆపి ఒక మంచి మాట చెప్పాడు. "తొందరపడకండి. మొదలు అందరూ చూపిస్తారు, చివర చూడండి."

అతని మాటలోని అంతరార్థం ఇది. సీడీని యంత్రం మధ్య నుంచి అంచు వైపుకు చదువుకుంటూ పోతుంది. కార్యక్రమం ఆరంభం మధ్య భాగంలో, ముగింపు అంచు వైపున ఉంటుంది. మనం పట్టుకునేది అంచును, గీతలు పడేది, వేలిముద్రలంటేది ఎక్కువగా అక్కడే. మొదటి అయిదు నిమిషాలు చక్కగా ఆడిన డిస్కు చివరి అయిదు నిమిషాలలో ఆగిపోవచ్చు. పెళ్లి సీడీలో చివరన ఉండేది రుఖ్సతీ. అమ్మీ కనిపించేది అక్కడే. రిమోటుతో చివరికి జరిపించి చూశాను. రెండుచోట్ల తడబడింది, కాని ఆగలేదు. ఆ యంత్రాన్నే కొన్నాను. అన్నీ కలిపి రెండు వేల రూపాయల లోపే అయింది.

ఇంటికి వచ్చాక

ఆపాకు కబురు పంపాము. ఆమె వచ్చిన రోజు రాత్రి ఇషా నమాజు తరువాత తలుపులు వేసి, రెండో సీడీని తుడిచి పెట్టాము. తుడవడానికీ ఒక పద్ధతి ఉంది. మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. డిస్కు మీది రాత గుండ్రంగా సాగుతుంది. దానికి అడ్డంగా పడిన సన్నని గీతను యంత్రం సర్దుకొని దాటిపోగలదు. రాత వెంబడి పడిన గీత వరుసగా ఎంతో భాగాన్ని మింగేస్తుంది. ఇంకొక సంగతి, సీడీలో రాత ఉండేది అడుగున కాదు, పేరు రాసే పైభాగానికి అతి చేరువలో. బాల్‌పెన్నుతో గట్టిగా పేర్లు రాయడం, అంటించిన కాగితాన్ని పీకడం అడుగు భాగపు గీతలకంటే ఎక్కువ హాని చేస్తాయి.

బొమ్మ వచ్చింది. కాని అందరి ముఖాలూ వెడల్పుగా, పొట్టిగా ఉన్నాయి. "అమ్మీ ఇలా ఉండేది కాదు" అంది ఆపా. ఆమె మాట నిజమే. ఆనాటి బొమ్మ కొలత నాలుగుకు మూడు, నేటి టీవీ కొలత పదహారుకు తొమ్మిది. టీవీ దాన్ని రెండు పక్కలకూ లాగి నింపుతుంది. టీవీ అమరికలలో 4:3 అన్నదాన్ని ఎంచుకున్నాము. రెండు పక్కలా నల్లని పట్టీలు వచ్చాయి, మధ్యలో మా అమ్మీ ముఖం మాకు తెలిసిన ముఖంలా మారింది.

కెమెరా తనవైపు తిరగగానే ఆమె పక్కకు జరిగిపోయారు. ఆమె కనిపించింది పది క్షణాలకు మించదు. ఆ తరువాత అంతా కంఠమే. చెల్లెలి తలపై చెయ్యి పెట్టి దుఆ చేస్తున్న కంఠం, మధ్యలో "పాపకు నీళ్లిచ్చారా?" అని ఎవరినో అడగడం. అక్కడ బొమ్మ ఒక క్షణం ఆగి మళ్లీ కదిలింది. ఆపా ఆ చోటును నాలుగుసార్లు పెట్టించుకుంది. చిన్న చెల్లెలు దమ్మాములో ఉంది. ఆమె కూడా విననీ అని ఫోను చేసి టీవీ దగ్గర ఉంచాము. అవతల చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆడుతున్నప్పుడే నకలు తీసుకోండి

ప్లేయరు కొనడంతో పని పూర్తికాలేదు. ఇరవై ఏళ్లు దాటిన ఆ సీడీ ఇంకెంతకాలం ఉంటుందో చెప్పలేము. కనుక ఆడుతున్న డిస్కుకు వెంటనే నకలు తీసుకోవాలి. కంప్యూటరుకు యూఎస్‌బీ తీగతో తగిలించే డిస్కు డ్రైవులు దొరుకుతాయి. వాటిని టీవీకి తగిలిస్తే పనిచేయవు, కంప్యూటరు కావలసిందే. వీసీడీని తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అన్న ఫోల్డరులో, డీవీడీని తెరిస్తే వీడియో టీఎస్ అన్న ఫోల్డరులో దృశ్యాలుంటాయి. ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేసుకోవాలి. ఒక నకలు కంప్యూటరులో, మరొకటి పెన్ డ్రైవులో, వీలైతే మూడోది వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఉంచండి.

ఈ పనిని ఇంట్లోని పిల్లల చేత, లేదా నమ్మకస్థుడైన బంధువు చేత చేయించండి. ఆడవారున్న డిస్కును దుకాణంలో ఇచ్చి రేపు వస్తామని వెళ్లిపోకండి. నకలు చేతికి వచ్చాక దాన్ని ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెట్టే తొందర కూడా వద్దు. అందులో ఉన్నవారు ఇరవై ఏళ్ల క్రితం మీ ఇంటి మీద నమ్మకంతో వచ్చినవారు. వారిని అడగకుండా వారి బొమ్మను నలుగురికీ పంపే హక్కు మనకు లేదు. మేము అమ్మీ ఉన్న ఆ రెండు నిమిషాలను వేరు చేయించి తోబుట్టువులం నలుగురం మాత్రమే పంచుకున్నాము. మిగిలినదాన్ని అలాగే భద్రపరిచాము.

ఈ వారంలోనే ఒక రోజు మీ పెట్టె తెరవండి. డిస్కులను నిలువుగా, వాటి డబ్బాలలో, ఎండ తగలని చోట పెట్టండి. ఏది ఎవరిదో డబ్బా మీద రాయండి. ప్లేయరు కొనాలనుకుంటే అన్నింటికంటే పాతదాన్ని, బయట చూపదగినదాన్ని, ఒకటి సంచిలో వేసుకొని వెళ్లండి. దాని చివరి అయిదు నిమిషాలు చూశాకనే డబ్బు చెల్లించండి. ఒక యంత్రం చదవలేదని ఏ డిస్కునూ పారవేయకండి.